కొత్త సెల్‌ఫోనులు, పాత పటములు

ఇటీవల మన కుటుంబములవారు ప్రచురణార్థము మాకు పంపుచున్న ఛాయాచిత్రములలో ముప్పాతిక పాలు అచ్చునకు పనికిరాకున్నవి. అవి పాత పనిముట్లతో తీసినవి కావు. ఇరువది ముప్పది వేల రూపాయలు పోసి నిన్న మొన్న కొన్న సెల్‌ఫోనులతో తీసినవే. గోడమీది తాతగారి పటమును తిరిగి తీసి పంపినారు; మీసము కలదు గాని నుదుటి ముడుతలు మాయమైనవి. పాత పెండ్లిపత్రికను తీసి పంపినారు. పూల అంచు చక్కగా నున్నది గాని వధువు తండ్రి యింటిపేరు చదువ వీలు లేదు. ఇదేమని అడిగిన, "ఫోను కొత్తదేనండీ, నూట ఎనిమిది మెగాపిక్సెళ్లు" అని సమాధానము.

ఆ సంఖ్యను గూర్చియే మేము నాలుగు మాటలు వ్రాయదలచితిమి. వ్యాపారమున నున్నవారికి ఈ కిటుకు కొత్తది కాదు. సరకు గుణమును కొలుచుట కష్టమైనపుడు, సులభముగ కొలువదగినదేదో ఒకటి పెట్టెమీద పెద్ద అక్షరములతో అచ్చు వేయుదురు. మెగాపిక్సెలనగా పది లక్షల చుక్కలు. 108 మెగాపిక్సెళ్ల ఫోనులు పెక్కింటిలో వెలుతురును పట్టు ఫలకము సుమారు 10 మిల్లీమీటర్ల పొడవు, 7 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. పూర్వపు ఫిల్ము చుట్టలో ఒక్కొక్క బొమ్మకు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు చోటుండెడిది. దానిలో పండ్రెండవ వంతు చోటున పది కోట్లకు పైగా చుక్కలను ఇరికించిన, ఒక్కొక్క చుక్కకు దక్కు వెలుతురెంత? అందుచేతనే ఫోను తొమ్మిది చుక్కల నొకటిగ కలిపి, సాధారణముగ 12 మెగాపిక్సెళ్ల బొమ్మనే మన చేతికిచ్చును. వెనుక మూడు నాలుగు కన్నులున్నవని మురిసిపోవుటయు తగదు. చవుక రకములలో, దగ్గరి వస్తువులకని పెట్టిన కన్ను తరచుగ 2 మెగాపిక్సెళ్లదే.

అంతటితో ఆగిన బాగుండెడిది. వెలుతురు చాలనిచోట బొమ్మ ఇసుక చల్లినట్లుండును. ఫోను ఆ ఇసుకను తుడుచును. దానితోపాటు ముడుతలను, పుట్టుమచ్చలను, చీర నేతను తుడుచును. పిదప అంచులకు పదును పెట్టి, లేనిదానిని ఊహించి పూరించును. 2023 మార్చిలో ఒకరు కావలెనని మసకబరచిన చంద్రుని బొమ్మను సామ్సంగు ఫోనుతో తీయగా, ఆ మసక బొమ్మలో లేని గుంటలు కొత్త బొమ్మలో కానవచ్చినవి. చంద్రుని గుర్తుపట్టి వివరములను మెరుగుపరచు ఏర్పాటు తమ ఫోనులో కలదని ఆ కంపెనీయే పిమ్మట వివరించినది. చంద్రుని మచ్చలకు లోకమంతయు సాక్షి. మన అవ్వ ముఖమునకు సాక్షులెవరు?

పూర్వపు స్టూడియోలవారును గాజు పలకమీద పెన్సిలుతో దిద్ది, చామనచాయను తెలుపు చేసినవారే. కాని వారు మనము కోరిన దిద్దిరి. ఇది అడుగకయే దిద్దుచున్నది.

ముఖముల మాట అటుంచుడు. మా బెంగ అక్షరములను గూర్చి. జార్జిటౌనులోను, పురసవాక్కములోను మన పాత యిండ్లలో తెలుగున వ్రాసిన చిట్టాలు, క్రయపత్రములు, ఉత్తరములు నేటికిని కలవు. ఉప్పుగాలి, చెదలు వానిని తినుచున్నవి. 2015 డిసెంబరు వరదలు మిగిల్చినవి ఎన్నో! తెలుగు చదువ నేరని మనుమలు వానిని ఫోనుతో తీసి, "ఇందులో ఉన్నది గదా" అని అసలు కాగితమును పాతకాగితముల వానికి వేయుచున్నారు. పకారమునకును ఫకారమునకును భేదము క్రింది చిన్న గీటు మాత్రమే. ఆ గీటును ఇసుక యనుకొని ఫోను తుడిచినచో ఫలము పలమగును. లెక్కలో పండు తూనికయై కూర్చుండును. అసలు పోయిన పిమ్మట దానిని సరిచూచు దారి లేదు.

1858లో మదరాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడైన లినేయస్ ట్రైప్ తంజావూరు పెద్దకోవెల విమానపు అడుగున నున్న శాసనమును 21 బొమ్మలుగ తీసి, సుమారు 19 అడుగుల పొడవున అతికించెను. ఆయన చేత కోట్ల చుక్కలు లేవు. పగటి వెలుతురు, ఓపిక కలవు. ఈ రెండును నేటి ఫోనుకును చాలవరకు మేలు చేయును. కాగితమును వసారాలో నీడపట్టున పరచి, ఫ్లాషును, అందము దిద్దు మీటను ఆర్పి, ప్రధాన కటకముతోనే అడుగున్నర దూరమునుండి తీయవలెను. తీసిన వెంటనే తెరమీద పెద్దది చేసి ఒక వరుస చదివి చూడవలెను. వాట్సాపున ఫోటోగ గాక డాక్యుమెంటుగ పంపిన బొమ్మ నలుగదు. కొత్త ఫోను కొన రిచ్చీ వీథికి పోవువారు ఇంటినుండి ఒక పాత ఉత్తరము వెంట గొనిపోయి, అంగడి దీపముల క్రింద గాక గుమ్మమువద్ద తీసి చూచి, పిదపనే బేరమాడుట మంచిది.

ఉగాది సంచికకు పాత పటములు పంపదలచినవారు ఫోను బొమ్మలు పంపుటకంటె అసలు పటములనే సంఘ కార్యాలయమునకు ఆదివారము ఉదయమున తీసికొనిరావలెనని కోరుచున్నాము. అచ్చటి స్కానరుపై ప్రతి తీసి, అసలును అప్పటికప్పుడే తిరిగి ఇచ్చెదము. పటమున నున్నవారి పేర్లు తెలిసిన పెద్దలు ఇంటనున్నచో, వారినడిగి వెనుకవైపున మెత్తని పెన్సిలుతో వ్రాయించి తేవలెను.