గోడ లోపలి బండి

గోల్ఫ్ ఆడేవాళ్ల బీమాను వెక్కిరించడం తేలిక. ఒక్క దెబ్బకే బంతి గుంతలో పడితే, ఆ సంబరంలో క్లబ్బులో అందరికీ పోయించిన బిల్లు బీమా కంపెనీ కడుతుందని చెప్పండి, ఎవరైనా నవ్వుతారు. భిలాయిలో హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడ రేకుల షెడ్ల కింద ఇనుము కోసి, అతికి, లారీలకెత్తే మనవాళ్లకు చెబితే నవ్వు కూడా రాదు, ఒళ్లు మండుతుంది. డబ్బున్నవాడి బంతికి సైతం రక్షణ ఉంది, లేనివాడి వేలికి లేదు అనేస్తారు. ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఈ మాటే. వినడానికి బాగుంటుంది, న్యాయంగానూ ఉంటుంది, కానీ అసలు దోషిని పట్టుకోకుండా వదిలేస్తుంది. గోల్ఫర్ పాలసీ రాసినవాడు తన పని శ్రద్ధగా చేశాడు. హథ్‌ఖోజ్ షెడ్డు మీద ఆ శ్రద్ధ పెట్టనివాళ్లు హాయిగా ఉండగా, పెట్టినవాణ్ణి తిట్టి ఏం లాభం?

ఆ పాలసీలో ఏముందో చూడండి. మన ప్రభుత్వ రంగ బీమా కంపెనీలు కూడా అమ్మే సరుకే అది. తాను కొట్టిన బంతి పరాయివాడికి తగిలితే ఇవ్వాల్సిన పరిహారం, కర్రలూ సంచీ పోయినా విరిగినా వచ్చే నష్టం, ఆటగాడికే దెబ్బ తగిలితే ప్రమాద బీమా, చిట్టచివర ఆ విందు ఖర్చు. జపాన్‌లో చివరిదానికి మహా గిరాకీ. ఒక్క దెబ్బకు గుంతలో వేసినవాడు స్నేహితులకు విందులూ కానుకలూ ఇచ్చుకోవాలన్నది అక్కడి ఆనవాయితీ కాబట్టి, వాళ్లకది నిజంగానే భయపడాల్సిన ఖర్చు. దాన్ని పక్కన పెట్టి మొదటిదాన్ని చూద్దాం. స్కాట్లండ్‌లో నిడ్రీ కాజిల్ గోల్ఫ్ క్లబ్బులో 2007లో బంతి తగిలి ఒకాయన కన్ను పోయింది. పరిహారం దాదాపు 4 లక్షల పౌండ్లు. అందులో 70 శాతం కొట్టినవాడే భరించాలని మొదటి కోర్టు అంది. 2013లో అప్పీలు కోర్టు ఆ లెక్క తిరగేసి, హెచ్చరిక బోర్డులు పెట్టని క్లబ్బు వంతు 80 శాతం, ఆటగాడి వంతు 20 అని తేల్చింది. 2018లో పారిస్ దగ్గర రైడర్ కప్పులో బ్రూక్స్ కెప్కా అంతటివాడు కొట్టిన బంతికే ఒక ప్రేక్షకురాలి కంటిచూపు పోయింది. కన్ను ఖరీదు ఎవడూ జేబులోంచి తీసివ్వలేడు. అందుకని ప్రమాదాన్ని పుట్టించేవాడు, దానితో ఏ సంబంధమూ లేని పరాయివాడి కోసం ముందే కాస్త సొమ్ము కట్టి ఉంచాలి. పాలసీ సారం ఇంతే. ఇందులో వెక్కిరించాల్సింది నాకేమీ కనబడదు.

ఇక బగ్గీ. మైదానంలో ఆటగాళ్లనూ కర్రలనూ మోసుకు తిరిగే ఆ బ్యాటరీ బండి మన చట్టం దృష్టిలో మోటారు వాహనం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28) ప్రకారం, ఫ్యాక్టరీలోనో మరేదైనా ప్రహరీ ఉన్న ఆవరణలోనో మాత్రమే తిరగడానికి తయారైన ప్రత్యేక తరహా బండి ఆ నిర్వచనంలోకి రాదు. కనుక నంబరు ప్లేటు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, సెక్షన్ 146 చెప్పే తప్పనిసరి థర్డ్ పార్టీ బీమా కూడా లేదు. ఇప్పుడు ఆ వాక్యంలో ఫ్యాక్టరీ అనే మాట మొదట ఎందుకుందో ఆలోచించండి. హథ్‌ఖోజ్ షెడ్డులో ప్లేట్లూ యాంగిళ్లూ మోసే ఫోర్క్‌లిఫ్టూ, గోల్ఫ్ బగ్గీ, ఈ చట్టం ఇంట్లో తోబుట్టువులు. రోడ్డెక్కే హైడ్రా క్రేనుకు నంబరుంటుంది, బీమా ఉంటుంది. గేటు దాటని ఫోర్క్‌లిఫ్టుకు రెండూ ఉండవు. బగ్గీ బరువు కొద్ది క్వింటాళ్లు. మూడు టన్నులెత్తే ఫోర్క్‌లిఫ్టు ఖాళీగా ఉన్నప్పుడే నాలుగు టన్నులు దాటుతుంది, పైగా ముందు సరుకు అడ్డం ఉంటే డ్రైవరుకు దారే కనబడదు. అయినా చట్టం బలవంతం లేకుండానే బగ్గీకి బీమా కొంటారు, ఫోర్క్‌లిఫ్టుకు కొనరు. కారణం చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. బగ్గీ కింద పడేవాడు కోర్టుకెళ్లగలడు.

గోడకున్న ఈ మహిమను 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు మళ్లీ చాటింది. కేసు మన విశాఖ ఉక్కుదే. అక్కడి సెంట్రల్ డిస్పాచ్ యార్డులో సరుకు ఎత్తిదించే కాంట్రాక్టు తీసుకున్న తారాచంద్ లాజిస్టిక్ సొల్యూషన్స్ కంపెనీ నుంచి 36 బండ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పన్ను వసూలు చేసింది. యార్డు చుట్టూ ప్రహరీ ఉంది, గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ కాపలా ఉంది, జనం ఇష్టమొచ్చినట్టు లోపలికి రాలేరు, కనుక అది బహిరంగ స్థలం కాదు, రోడ్డు వాడని బండి మీద పన్ను చెల్లదు అని కోర్టు తేల్చింది. కట్టిన 22,71,700 రూపాయలు వాపసివ్వాలన్న సింగిల్ జడ్జి ఉత్తర్వే నిలబడింది. పన్ను వరకు ఆ తీర్పు ముమ్మాటికీ సబబు. రోడ్డు అరగదీయనివాడి దగ్గర రోడ్డు డబ్బు అడగకూడదు. కానీ బీమాకు ఇదే తర్కం ఎలా అతుకుతుంది? గోడ లోపల తారు అరగదు, నిజమే. కాలు అక్కడా విరుగుతుంది. పన్ను రోడ్డు కోసం, బీమా మనిషి కోసం. రెండింటినీ ఒకే గోడతో కొలవడం మన చట్టంలో తరతరాలుగా దొర్లుతున్న పొరపాటు.

ఈ తగాదా ఐరోపాలో నడిచింది. స్లొవేనియాలో ఒక పొలం ఆవరణలో ట్రాక్టరు ట్రెయిలరు నిచ్చెనకు తగిలి, దాని మీదున్న మనిషి కిందపడ్డాడు. ప్రైవేటు స్థలమైనా సరే తప్పనిసరి బీమా వర్తించాల్సిందేనని 2014లో ఐరోపా న్యాయస్థానం అంది. బ్రిటన్ గగ్గోలు పెట్టింది. గోల్ఫ్ బగ్గీలకూ గడ్డికోత బండ్లకూ కూడా బీమానా, కారున్న ప్రతివాడి మీదా ఏటా 50 పౌండ్ల భారం పడుతుందే అని లెక్కలు తీసి, 2022లో ప్రత్యేక చట్టంతో ఆ తీర్పును వదిలించుకుంది. చూశారా, అంత పెద్ద దేశమే వద్దనుకుంది అనేవాళ్లుంటారు. బ్రిటన్‌కు అది చెల్లింది. అక్కడ 1969 చట్టం ప్రకారం ప్రతి యజమానీ పనివాళ్ల కోసం బాధ్యత బీమా తీసుకుని తీరాలి, ఇప్పుడది కనీసం 50 లక్షల పౌండ్లు. మన 1923 నాటి పరిహార చట్టం యజమాని నెత్తిన బాధ్యత పెట్టిందే గానీ, ఆ బాధ్యతకు బీమా కొనమని బలవంతం చేయలేదు. బాధ్యత ఉంది, చెల్లించే సొమ్ము ఉందో లేదో ఠేకేదారు (కాంట్రాక్టరు) దయ.

ఈఎస్‌ఐ ఉంది కదా అన్నది అందరికన్నా గట్టి అభ్యంతరం. ఉంది, దాన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. పనిలో చనిపోయినవాడి కుటుంబానికి జీతంలో 90 శాతం పింఛనుగా ఇచ్చే ఏర్పాటు ఏ గోల్ఫర్ పాలసీలోనూ దొరకదు. ఈఎస్‌ఐ లేనివాడికి పరిహార చట్టం లెక్క కూడా తీసిపారేసేది కాదు. జీతం ఎంతున్నా నెలకు 15,000 దగ్గరే ఆపి లెక్కగట్టినా, ముప్పై ఏళ్ల కార్మికుడి ప్రాణానికి 15,59,850 రూపాయలు వస్తాయి. ఇవన్నీ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోకి చేరాయి. అయితే ఈ ఏర్పాట్లన్నీ మొదట అడిగేది ఒక్కటే, నువ్వు ఎవరి పనివాడివి అని. సరుకు కోసం వచ్చిన ట్రెయిలరు క్లీనరు ఆ షెడ్డు పనివాడు కాడు. టీ క్యాను పట్టుకుని తిరిగే కుర్రాడు కాడు. పేరు రిజిస్టరుకెక్కని ఖలాసీ, ఒంట్లో నెత్తురున్నన్నాళ్లూ పనివాడే, కింద పడ్డాక మాత్రం ఎవరూ కాడు. 2017 జనవరిలో గీసిన 21,000 రూపాయల ఈఎస్‌ఐ జీతపరిమితి గీతను ఓవర్‌టైము లేకుండానే దాటిన మంచి వెల్డరు సంగతి వేరే చెప్పాలి. వీళ్లలో ఎవరినైనా గేటు బయట లారీ గుద్ది చంపితే, తప్పెవరిదని అడగకుండా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 కింద కుటుంబానికి 5 లక్షలు రావాలి, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ తలుపు తెరిచే ఉంటుంది. అదే మనిషిని పది అడుగులు లోపల ఫోర్క్‌లిఫ్టు గుద్దితే ఆ తలుపు కనబడదు. సివిల్ కోర్టులో నిర్లక్ష్యం రుజువు చేసుకోవాలి.

చిన్న పరిశ్రమలు ఈ ఖర్చు భరించలేవు అంటారు. ప్రమాదాలు అరుదైతే ప్రీమియం తక్కువే ఉంటుంది. ప్రీమియం భరించలేనంత ఉందంటే ఆ షెడ్డు ఎంత ప్రమాదకరమో బీమా కంపెనీ లెక్కగట్టి మరీ చెబుతున్నట్టు. రెండిట్లో ఏది నిజమైనా బీమా కొనడానికే కారణం. భిలాయిలో ఈ భరించలేం పాట కొత్తది కాదు. 1990 దశకం మొదట్లో ఠేకా కార్మికులను పర్మినెంటు చేయండి, బతికేంత కూలివ్వండి అన్నందుకూ ఇదే పాడారు. ఆ ఉద్యమాన్ని నడిపిన శంకర్ గుహా నియోగిని 1991 సెప్టెంబరు 28న నిద్రలో ఉండగా కాల్చి చంపారు. పరిశ్రమలు మూతపడలేదు. చట్టం మారేదాకా ఆగక్కర్లేదు కూడా. హథ్‌ఖోజ్ షెడ్లలో చాలావాటికి బతుకుతెరువు భిలాయి ఉక్కు కర్మాగారం ఆర్డర్లే. తన గోడ లోపల 2014 జూన్‌లో విషవాయువుకు ఆరుగురినీ, 2018 అక్టోబరులో కోక్ ఓవెన్ గ్యాసు మంటల్లో పదిమందికి పైగానూ పోగొట్టుకున్న సంస్థ అది. వర్క్ ఆర్డరులో ఒక్క షరతు చేర్చితే చాలు, ప్రతి ఫోర్క్‌లిఫ్టుకూ థర్డ్ పార్టీ పాలసీ ఉండాలి, దాని నంబరు బండి మీద పెయింటుతో రాసి ఉండాలి. ఆక్సిజన్ సిలిండరు మీద పరీక్ష తేదీ వేయడం వచ్చినవాళ్లకు ఇది రాదా?

దీనికి ప్రభుత్వం చేస్తున్న సాయం ఏమిటంటే, పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా మీద జీఎస్టీ ఎత్తేశారు. కోటి రూపాయల పాలసీ తీసుకునే అధికారికి సున్నా. నలభైమంది కూలీల పేరిట ఠేకేదారు కొనే గ్రూపు ప్రమాద బీమాకు మాత్రం 18 శాతం అలాగే ఉంది. గోల్ఫ్ కర్రల బీమాకూ 18 శాతమే. ఇక్కడ మాత్రం గోల్ఫరూ ఖలాసీ సమానమే. చట్టం తప్పనిసరి చేసిన బీమా అయితే ఇన్‌పుట్ క్రెడిట్ దొరుకుతుందని అకౌంటెంట్లు గుర్తు చేస్తారు. తప్పనిసరి చేయలేదన్నదే కదా నా మొర! పోనీ ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందంటే, 2015లో ఏటా 12 రూపాయలతో మొదలై 2022 జూన్ నుంచి 20 రూపాయలైంది. ప్రాణానికిచ్చే మొత్తం మాత్రం అప్పుడూ ఇప్పుడూ 2 లక్షలే. ప్రీమియం పెంచడానికి నష్టాల లెక్క చూశారు, మొత్తం పెంచడానికి ధరల లెక్క ఎవరూ చూడలేదు. ఈ ఇరవై రూపాయల కాగితం చూపించి, మా మనుషులకు ఇన్సూరెన్సు ఉంది సార్ అనే ఠేకేదారుల ధీమా చూస్తే గోల్ఫ్ క్లబ్బు కార్యదర్శులు చాలా నిజాయితీపరులు అనిపిస్తుంది.

ఆ 2 లక్షలైనా చేతికొస్తాయా అంటే అది ఇంకో కథ. సోవియట్ సాయంతో 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం పల్లెలు భిలాయికి మనుషుల్ని పంపుతూనే ఉన్నాయి. ఖుర్సీపార్‌లో, చరోదాలో స్థిరపడినవాళ్ల పిల్లలకు హిందీ నీళ్లప్రాయం, వాళ్ల సంగతి వాళ్లు చూసుకోగలరు. ఇబ్బందంతా సీజన్‌కొచ్చి షెడ్డులోనే పడుకునే ఒంటరి కూలీది. నామినీగా రాసిన భార్య పాలకొండ వైపు ఉంటుంది. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు ఛత్తీస్‌గఢ్‌లో హిందీలో తయారవుతాయి. క్లెయిము అతని ఖాతా ఉన్న బ్యాంకు శాఖకే ఇవ్వాలి, ఆ ఖాతా భిలాయిలో ఠేకేదారు తెరిపించినది. భర్త ఖాతా నుంచి ఏటా ఇరవై రూపాయలు కోస్తున్నారన్న సంగతే ఆమెకు తెలియకపోవచ్చు. చనిపోయినవాడి ఖాతాలో బీమా ప్రీమియం కోత ఉందో లేదో బ్యాంకు కంప్యూటరుకు తెలుసు, నామినీ పేరూ తెలుసు. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖల మధ్య వందే భారత్ నడుస్తోంది. అంత వేగంగా మనుషుల్ని కలిపిన ప్రభుత్వం, పాలకొండలో ఉన్న అదే బ్యాంకు శాఖ ఆ క్లెయిము తీసుకుని, కావలసిన కాగితాలు దుర్గ్ జిల్లా పోలీసుల దగ్గర్నుంచి తానే తెప్పించుకోవడానికి అడ్డమేమిటో ఆర్థిక సేవల శాఖ చేత చెప్పించాలి.