బోర్డు లేని నర్సరీల మాటేమిటి?

రాజమహేంద్రవరం దాటి రావులపాలెం వైపు వెళ్తుంటే, 16వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ వేమగిరి మొదలుకొని చాలా దూరం మొక్కలే కనిపిస్తాయి. ఎక్కడ పెద్ద బోర్డుందో, ఎక్కడ కారు పెట్టుకోవడానికి చోటుందో, ఎక్కడ ఏనుగుల్లా నెమళ్లలా కత్తిరించిన పొదలున్నాయో అక్కడే కార్లు ఆగుతాయి. జనం ఓ గంట తిరిగి, ఫొటోలు దిగి, నాలుగు క్రోటన్లు డిక్కీలో వేసుకుని, కడియం నర్సరీలు చూసేశామనుకుని వెళ్లిపోతారు. రోడ్డు దిగి కాలవ గట్టు పట్టుకుని కడియపులంక, బుర్రిలంక సందుల్లోకి వెళ్తే, అరెకరం చెక్కల్లో, కొన్నిచోట్ల కౌలు నేలలో అంటు కట్టుకుని బతికే కుటుంబాలున్నాయి. వాళ్ల గుమ్మం తొక్కే కొనుగోలుదారు అరుదు. వెళ్దామనుకున్నవాడికి దారి చెప్పేవాళ్లూ లేరు. నా గోడు ఆ కుటుంబాల గురించే.

అక్కడ జరిగే పని ఎలాంటిదో సపోటా అంటు ఒక్కటి చూస్తే తెలుస్తుంది. సపోటాను పాల మొక్క మీద కడతారు. పాల గట్టి జాతి, వేరు మొండిది, కానీ ఎదుగుదల మహా నిదానం. గింజ మొలిచి అంటుకు తగిన లావెక్కడానికే ఏళ్లు పడుతుంది. అప్పుడు దాన్ని తల్లి చెట్టు దగ్గరికి మోసుకెళ్లి, కొమ్మ అందే ఎత్తున కర్రలతో మంచె వేసి, దాని మీద నిలబెట్టి, మొక్క బెరడూ కొమ్మ బెరడూ చెక్కి రెండూ కలిపి బిగించి కడతారు. అక్కణ్నుంచి రెండు మూడు నెలలు మంచె మీదున్న ఒక్కో మొక్కకీ చూసి చూసి నీళ్లు పొయ్యాలి. ఎండాకాలం ఒక రోజు ఏమరిస్తే కట్టిన అంటు పోతుంది. అతికిందని నమ్మకం కుదిరాక కూడా కొమ్మను ఒక్క వేటున కొయ్యరు. ముందు సగం గాటు పెట్టి, కొన్నాళ్లు ఆగి, అప్పుడు తల్లి నుంచి వేరు చేస్తారు. తర్వాత కొంతకాలం నీడలో ఉంచాలి. ఇంత చాకిరీ చేసి చేతికిచ్చిన మొక్కకి, "రోడ్డు మీద ఇరవై తక్కువకే ఇస్తున్నారు" అని బేరమాడతాం. సిగ్గుపడాల్సిన మాట అది.

మామిడి దగ్గర నమ్మకమే సరుకు. కాయ చూసేదాకా అది బంగినపల్లో కాదో మామూలు కంటికి తెలియదు, నాలుగైదేళ్లు పోయాక తెలిస్తే చేసేదేమీ ఉండదు. అందుకే కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "కొమ్మ ఏ చెట్టుదండీ?" లోపలి నర్సరీలో అడిగి చూడండి. "రండి, చూపిస్తానండి" అని చెట్టు కిందకే తీసుకెళ్తారు. కొమ్మ కొయ్యడానికి వారం పది రోజుల ముందే ఆకులు తుంచేసి తొడిమలు వదులుతారు, మొగ్గ ఉబ్బాలని. ఆ చెట్టు ఏ ఏడు బాగా కాసిందో, ఏ ఏడు తేనెమంచు పురుగుకి పూత పోగొట్టుకుందో వాళ్ల నోటి మీదే ఉంటుంది. చేతులు మారి మారి దుకాణానికి చేరిన మొక్క గురించి ఈ సంగతులు చెప్పగలిగేది ఎవరు?

రోడ్డు పక్క పెద్ద నర్సరీలంటే నాకు పగ లేదు. కడియం మొక్క లారీలెక్కి దేశమంతా తిరుగుతోందంటే వాళ్ల శ్రమా ఉంది. అయితే వాళ్లకి కావలసింది వెంటనే కదిలే సరుకు. కొత్తపల్లి కొబ్బరి, పండూరివారి మామిడి రకాలు, పొగడ, నాటు సంపెంగ ఎన్నాళ్లకి అమ్ముడుపోతాయో తెలియదు. అలాంటివి నాలుగైదు కవర్లైనా నిలిపి ఉంచేది చిన్నవాళ్లే. వినాయక చవితి పత్రికి వావిలి, జమ్మి, మాచిపత్రి మొక్కలుగా కావాలంటే నేను వెతికేది ఆ సందుల్లోనే. చిన్నవాళ్లు చితికిపోతే ఈ రకాలకి దిక్కెవరు?

హైదరాబాదులో తోపుడుబండి మీద అమ్మేవాడూ "కడియం మొక్కలమ్మా" అనే కేకేస్తాడు. ఊరి పేరు మిగిలింది. కత్తి పట్టి అంటు కట్టిన మనిషి పేరు, ఎర్రమట్టీ పశువుల ఎరువూ కలిపి పొద్దస్తమానం కవర్లు నింపిన ఆడవాళ్ల పేరు ఎక్కడా లేవు. అంటు కట్టినవారి పేరు, ఊరు, రకం, కట్టిన నెల రాసిన చిన్న చీటీ ఒకటి ప్రతి మొక్కకీ వేలాడదీస్తే, కాపుకొచ్చాక ఇంకో మొక్క కావాలన్నవాడు తిన్నగా వాళ్లింటికే వస్తాడు. మోసం జరిగితే నిలదియ్యడానికీ మనిషి దొరుకుతాడు. అందుకు సిద్ధంగా ఉన్నవాళ్లే లోపల ఎక్కువ.

ఉమ్మడి రాష్ట్రంలో 2010లో ఉద్యాన నర్సరీల నమోదుకి చట్టమే వచ్చింది. నమోదంటే తనిఖీకీ రుసుముకీ మాత్రమేనా? ఏ ఊళ్లో, ఎవరి దగ్గర, ఏ రకం తల్లి చెట్లున్నాయో తెలుగులో అచ్చువేసి బస్టాండులో, రైతు సేవా కేంద్రంలో, కడియం రైల్వే స్టేషన్లో అంటించమని ఉద్యాన శాఖను వేడుకుంటున్నాను. కాలవ గట్టు మలుపుల దగ్గర బాణం గుర్తులతో పేర్లు రాయించడం పంచాయతీలు తల్చుకుంటే అయ్యే పని. సంక్రాంతికి ఊళ్లకొచ్చే బంధువులకి కడియం చూపించేవాళ్లు మొదటి బోర్డు దగ్గరే ఆగిపోకుండా, కారు అక్కడ పెట్టి కాసేపు లోపలికి నడవండి. పెద్ద నర్సరీల యజమానులకీ ఒక విన్నపం: మీ దగ్గర లేని రకం ఎవరైనా అడిగితే "లేదండి" అని పంపెయ్యకండి, అది పెంచే ఇంటికి దారి చెప్పండి. మీకు మొక్కలు వేసేవాళ్లలో ఆ ఇంటివాళ్లూ ఉన్నారు.