పురిటి ఖర్చు ఎవరి పుస్తకంలో రాస్తున్నాం?



మా చదువు అంతా అరక్కోణంలో తమిళంలో సాగింది. తెలుగు ఇంట్లో విన్న భాషే కానీ బడిలో దిద్దినది కాదు. రైల్వే ఉద్యోగం మమ్మల్ని ఈ కొండల్లోకి తెచ్చాక అక్షరాలు నేర్చుకున్నాం. తప్పులుంటే సర్దుకుని చదవండి. కొంచెం పొడుగు కూడా అవుతుంది.

గత నెల మన హాల్లో ఒక శ్రీమంతం జరిగింది. భోజనాలు బాగున్నాయి. చేతులు కడుక్కునే దగ్గర ఆ అమ్మాయి భర్త కనిపిస్తే ఊరికే అడిగాం, "ఏం బాబూ, కాన్పుకి డబ్బు జాగ్రత్త చేసుకుంటున్నావా?" అని. నవ్వాడు. "కాన్పు పార్వతీపురంలో కదా అంకుల్, ఆ ఖర్చంతా మా మావయ్యగారే చూసుకుంటారు. మాకేం టెన్షన్ లేదు" అన్నాడు.

మంచి కుర్రాడే, మంచి ఉద్దేశంతోనే అన్నాడు. కానీ ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. ఎనిమిదేళ్ల కిందట మేమూ ఇదే మాట అన్నాం. తర్వాత జరిగింది ఇక్కడ రాస్తున్నాం. చదివి ఒక్కరు మనసు మార్చుకున్నా చాలు.

మా పెద్దకోడలిది సాలూరు. మొదటి కాన్పు పుట్టింట్లో అన్నది మనందరి ఆచారం. ఏడో నెలలో శ్రీమంతం ఘనంగా చేశాం. రెండు వందల విస్తళ్లు, వీడియో, వచ్చిన ఆడవాళ్లందరికీ జాకెట్టు గుడ్డలు. మొత్తం అరవై వేలు దాటింది. సూడిదలు, చలివిడి, పళ్లు, చీర వియ్యాలవారే తెచ్చారు. తర్వాత అమ్మాయిని కారెక్కించి సుంకి ఘాటు మీదుగా సాలూరు పంపాం. ఆ రోజుతో మా పని అయిపోయిందనుకున్నాం.

అక్కడ నెలలు నిండేసరికి బీపీ పెరిగింది. ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మందులతో కలిపి బిల్లు యాభై వేల దగ్గర. మా వియ్యంకుడు బియ్యం మిల్లులో గుమాస్తా. మాకు ఫోన్ చేసి "మనవరాలు పుట్టింది బావగారూ, తల్లీ బిడ్డా క్షేమం" అన్నాడు. బిల్లు మాట ఎత్తలేదు. మేమూ అడగలేదు. బారసాలకు వెండి గిన్నె పట్టుకుని వెళ్లి, భోంచేసి, సాయంత్రం బస్సుకు వచ్చేశాం.

రెండేళ్ల తర్వాత మా కోడలి చెల్లెలి పెళ్లి కుదిరింది. వియ్యపురాలి మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు. మా ఆవిడ కోడల్ని పక్కకు పిలిచి అడిగింది. "నా కాన్పుకి తాకట్టు పెట్టారు అత్తయ్యా. వడ్డీ కట్టలేకపోయారు, వేలం వేసేశారు" అంది. రెండేళ్లు మా ఇంట్లోనే ఉండి, మా వంటింట్లోనే వండుతూ ఆ అమ్మాయి ఈ మాట మాతో అనలేదు. అనగలిగే ఇల్లుగా మేము లేకపోయాం.

రైల్వేలో బుకింగ్ కౌంటర్లో కూర్చునే గుమాస్తా డ్యూటీ ఎక్కేముందు తన జేబులో సొంత డబ్బు ఎంత ఉందో రిజిస్టర్లో రాయాలి. దాన్ని పర్సనల్ క్యాష్ డిక్లరేషన్ అంటారు. రైల్వే డబ్బు, మన డబ్బు కలిసిపోకుండా ఆ ఏర్పాటు. రోజు చివర లెక్క తగ్గితే ఆ తగ్గింది గుమాస్తా చేతినుంచి కట్టాలి. ముప్పై ఏళ్లు పైగా ఆ పని చేసి కూడా మా ఇంటి లెక్క మేము తప్పు రాశాం. మా పుస్తకంలో "పురిటి ఖర్చు: సున్నా" అని ఉంది. నిజానికి ఖర్చు తగ్గలేదు. సాలూరులో మాకంటే చిన్న ఆదాయం ఉన్న ఇంకొకరి పుస్తకంలోకి జరిగింది. బిడ్డ మా ఇంటి పేరుతో పెరుగుతోంది. ఆ లోటు మాత్రం వాళ్లు కట్టారు.

మనలో చాలామంది డబ్బు పొదుపు చేయలేకపోవడానికి ఆదాయం తక్కువ కావడం ఒక్కటే కారణం కాదని మా అభిప్రాయం. ఈ ఖర్చు మనది కాదనుకుంటాం కాబట్టి దానికోసం దాచం. దాచనిది శ్రీమంతం విందులో పోతుంది.

ఇప్పుడు మా చిన్నకోడలికి నెలలు. ఈసారి ఏం చేస్తున్నామో అంకెలతో చెబుతాం. మా గొప్ప చెప్పుకోవడానికి కాదు, మీరు దిద్దడానికి.

చిన్నవాడిది మల్కన్‌గిరి రోడ్డులో చిన్న కిరాణా. నెలకు సగటున ఇరవై వేలు మిగులుతుంది, వానాకాలంలో కొండ ఊళ్లవాళ్లు తక్కువ దిగుతారు కాబట్టి ఇంకా తక్కువ. కోడలు ఇంట్లో బట్టలు కుట్టి నెలకు 3,500 తెస్తుంది. మూడో నెల వెళ్లగానే నలుగురం కూర్చున్నాం. ఎవరి దగ్గర ఎంత ఉంది, ఎవరికి ఎంత బాకీ, అన్నీ బయటపెట్టాం. వాడికి ఒక చేబదులు ఉందని మాకు అప్పుడే తెలిసింది. కొత్త బండి కొనే ఆలోచన ఏడాది వాయిదా వేసి వాడు నెలకు 4,000, మా పింఛను నుంచి 3,000, కోడలు 500. మొత్తం 7,500. ఆరు నెలలకు 45,000.

దాన్ని ఇలా విడదీశాం. రాత్రిపూట బయలుదేరాల్సి వస్తే చేతిలో ఉండాల్సిన నగదు 5,000, ఇది బీరువాలో కవరులో ఉంటుంది. ఆస్పత్రికి 20,000. కాన్పయ్యాక మూడు నెలలు ఆమె కుట్టు పని ఆగుతుంది, ఆ లోటుకు 10,500. బాలింత తిండి, పాలు, కాయం, మందులకు 6,000. బిడ్డకు, బారసాలకు 3,500. పొత్తిగుడ్డలకు మా ఆవిడ పాత నూలు చీరలు ఉతికి పెట్టింది, వాటికి ఖర్చు లేదు.

మూడు నెలల లోటు అన్న పద్దు ఎవరూ రాయరు. ఆఫీసు ఉద్యోగం చేసే అమ్మాయికి 2017లో చట్టం మార్చి 26 వారాల జీతంతో సెలవు ఇచ్చారు. ఇంట్లో మిషను తొక్కే అమ్మాయికి ఆ సెలవు ఎవరిస్తారు? ఇంటివాళ్లమే దాచి ఇవ్వాలి.

ఇక ప్రభుత్వం ఇచ్చేవి. మన దగ్గర "మనకెందుకు ఆ లైన్లు" అనే వాళ్లున్నారు. అది తప్పు. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, తీసుకెళ్లి తిరిగి దింపే బండి, అన్నీ ఉచితం అని 2011 జూన్ నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం ఉంది. మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్ అయితే ఏడు రోజులు భోజనం కూడా పెట్టాలి. జననీ సురక్షా యోజన కింద పల్లెల్లో తల్లికి 1,400 వస్తుంది. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్ష 2016 నుంచి నడుస్తోంది. ఒడిశాలో మమత పథకం 2011లో 5,000తో మొదలైంది, తర్వాత పెంచారు. ఇప్పుడు ఎంతో, ఏ కాగితాలు కావాలో అంగన్‌వాడీ దీదీని అడగండి. ఆ డబ్బు తల్లి పేరున ఉన్న ఖాతాలోకే వస్తుంది, మరిదిదో మావగారిదో చెల్లదు. కాబట్టి పేరు నమోదు, ఖాతా, ఆధార్ మొదటి మూడు నెలల్లోనే చూసుకోవాలి.

కానీ ఒక హెచ్చరిక. ఇవన్నీ వాయిదాల్లో, చాలాసార్లు ఖర్చయిపోయాక వస్తాయి. రావాల్సిన డబ్బును చేతిలో ఉన్న డబ్బుగా రాయకూడదు. మా 45,000లో మమత డబ్బు ఒక్క రూపాయి లేదు. వస్తే అది తల్లి తిండికే.

ఇంకొకటి. బొయిపరిగుడలో ఆస్పత్రి ఉంది, కానీ కేసు కష్టమైతే జయపురమో, కొరాపుట్ మెడికల్ కాలేజీకో పంపుతారు. మన బ్లాకులోని తెంతులిగుమ్మ బిడ్డ, షహీద్ లక్ష్మణ్ నాయక్ పేరు పెట్టిన కాలేజీ అదే. 102 బండి తల్లిని తీసుకెళ్తుంది. వెంట వెళ్లే ఇద్దరి తిండి, బస, రాకపోకలు, బయట కొనాల్సి వచ్చే వస్తువులు ఉచితం కావు. బీరువాలో కవరు అందుకే. పుట్టింట్లో కాన్పు అయితే రాష్ట్రం మారుతుంది. తల్లీబిడ్డల కార్డు, పరీక్షల కాగితాలు ఆమె సంచిలోనే ఉండాలి. ఆయుష్మాన్ కార్డు అక్కడ ఆ ఆస్పత్రిలో కాన్పుకు పనికొస్తుందో లేదో వెళ్లకముందే కనుక్కోవాలి. బిడ్డ పుట్టిన చోటే 21 రోజుల్లోపు జననం నమోదు చేయించాలి, అప్పుడు రుసుము ఉండదు. 2023 అక్టోబరు తర్వాత పుట్టిన పిల్లలకు బడికీ, ఆధార్‌కూ ఆ సర్టిఫికెట్టే ఆధారం.

ఇలాంటప్పుడే పిల్లల పేరున పాలసీ కట్టమని ఏజెంట్లు ఇంటికి వస్తారు. తొందరపడొద్దు. ఆడపిల్ల పుడితే సుకన్య సమృద్ధి ఖాతా 250 రూపాయలతో తెరవొచ్చు, పాపకు పదేళ్లు నిండేలోపు ఎప్పుడైనా. ముందు ఈ ఏడాది అప్పు లేకుండా గడవాలి.

ఈ మాటలన్నీ మా వీధిలో చెబితే మూడు ఆక్షేపణలు వచ్చాయి.

ఒకటి, "పుట్టని బిడ్డకు ముందే ఏమీ కొనకూడదు." సరే, కొనకండి. దాచడం కొనడం కాదు కదా.

రెండు, "ఆచారం మానేయమంటారా? అమ్మ దగ్గర ఉంటే పిల్లకు విశ్రాంతి." మేమూ మానమనడం లేదు. తల్లి చేతి వంట, తల్లి చేతి నీళ్లు ఏ అత్తగారూ ఇవ్వలేదు. అమ్మాయి పుట్టింటికి వెళ్లాలి. ఆమెతో డబ్బు కూడా వెళ్లాలి.

మూడోదే కష్టమైనది. "మనం డబ్బు ఇస్తే వియ్యాలవారు చిన్నతనంగా అనుకుంటారు." నిజమే, అనుకుంటారు. మా చిన్న వియ్యంకుడు కూడా "అదేంటి బావగారూ, మా పిల్ల కాన్పు మేము చేసుకోలేమా?" అని నొచ్చుకున్నాడు. అందుకే మేము ఆయన చేతికి ఇవ్వలేదు. కోడలి సొంత ఖాతాలో వేశాం. ఏటీఎం కార్డు ఆమె దగ్గరే, ఫోన్లో మెసేజ్ ఆమెకే. ఆస్పత్రిలో బిల్లు ఆమెదో ఆమె భర్తదో చెయ్యి కట్టాలి. ఎవరి గౌరవమూ పోదు. ఇంకో లాభం కూడా చూశాం. ఇదివరకు స్కానింగ్‌కు డబ్బు కావాలంటే ఆ అమ్మాయి రెండు రోజులు తటపటాయించేది. ఇప్పుడు "రేపు స్కానింగ్‌కు వెళ్తున్నాం మావయ్యా" అని చెప్పి వెళ్తోంది.

మాకూ ఒక కూతురు ఉంది. దాని మొదటి కాన్పుకు మేము పీఎఫ్ అడ్వాన్సు తీసుకున్నాం. అల్లుడి ఇంటివారు ఒక్క మాట అడగలేదని అప్పుడు మేమూ లోపల లోపల బాధపడ్డాం. ఆ బాధ తెలిసి కూడా పెద్దకోడలి విషయంలో అదే చేశాం. ఆడపిల్ల ఉన్న ఇంట, మగపిల్లాడున్న ఇంట మనందరం ఏదో ఒక రోజు రెండు వైపులా నిలబడతాం.

సంఘానికి మా విన్నపాలు మూడు. శ్రీమంతాలు ఇళ్లలోనే దగ్గరివాళ్లతో చేసుకునేలా పెద్దలు ముందు చేసి చూపాలి. మా ఇంట్లో పాతికమందితో, ఆరు వేలలో అయిపోయింది. ఆ పైన స్టీలు సామాన్లు, చీరల బదులు తల్లి పేరున కవరు ఇద్దాం. ఎవరెంత ఇచ్చారో రాసే పుస్తకం వద్దు. ఇక జయపురం, కొరాపుట్‌లలో ఉన్న మన సభ్యుల్లో రక్తం ఇవ్వగలవారి జాబితా, గ్రూపులతో సహా, కార్యదర్శి దగ్గర ఉండాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

మా చిన్నప్పుడు అరక్కోణంలో పెద్దవాళ్లు "సిఱుగ కట్టి పెరుగ వాళ్" అనేవారు. చిన్నగా కట్టుకుని పెద్దగా బతకమని. అప్పుడు అది ఇల్లు కట్టేవాళ్లకు చెప్పిన మాట అనుకున్నాం.

ఈ రోజుకు లెక్క ఇది. ఏడో నెల నిండింది. నాలుగు వాయిదాలు, 30,000 వేశాం. స్కానింగ్‌కు 1,400 తీశాం. దుకాణంలో ఫ్రిజ్ చెడిపోతే కోడలిని అడిగి 2,000 తీసుకున్నాం, అది ఇంకా తిరిగి వేయలేదు. మిగిలింది 26,600. ఆ రెండు వేలు పింఛను పడగానే వేసేయాలి. పెద్ద వియ్యపురాలి గొలుసు సంగతి కూడా మరిచిపోలేదు. దానికి విడిగా ఒక ఆర్డీ మొదలుపెట్టాం. బంగారం ధర చూస్తే అదే గొలుసు ఎప్పటికవుతుందో తెలియదు.

వచ్చే సమావేశంలో ఈ మూడు విన్నపాల మీద మాట్లాడదాం. ఒప్పుకోనివారు కూడా తప్పక రండి.