స్టోరేజీ పేరు మీద మన ఓటీ గుంజుతున్నరు

పోస్టు జర పెద్దగుంటది. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, చాయ్ పక్కన పెట్టుకొని చదవండి.

ఊర్ల కౌన్సెలింగ్ అయిపోయిందంటే చాలు, ఇక్కడ మన క్యాంపులల్ల ఫోన్లు మొదలైతయి. పిల్లకు సీటు వచ్చింది, పిల్లగానికి సీటు వచ్చింది, లాప్‌టాప్ కావాలె. అది కూడా మామూలుది కాదు, టాప్ మోడల్. మొన్న మా సైటు తమ్ముడు ఒకతను ఇట్లనే దుకాణానికి పోయిండు. సిరిసిల్ల దిక్కు మనిషి, షట్టరింగ్ పని. అక్క కొడుకు వీడియో కాల్‌ల ఉండి "మామా, 256 వద్దు, 1 టీబీ తీసుకో" అంటున్నడు. రెండింటికి తేడా 1,400 దిర్హాంల పైన. తమ్ముడు కొనకుంట బయటికి వచ్చి మాకు ఫోన్ చేసిండు: "కాకా, తీసుకోవాల్నా వద్దా?"

ఆ రాత్రి రూములో ఎనిమిది మందిమి పంచాయితీ పెట్టుకున్నం. సగం మంది తీసుకొమ్మన్నరు. "దుబాయ్‌ల ఉండి మేనల్లునికి అది కూడా కొనియ్యవా" అన్నరు. ఈ పోస్టు ఆ సగం మందికి జవాబు.

మేము ఇంజినీర్లం కాదు. మాలో పదో తరగతి దాటినోళ్లే తక్కువ. కాని ఇరవై ఏళ్ల సంది బిల్లులు, బీఓక్యూలు, వేరియేషన్లు చూస్తున్నం. కాంట్రాక్టులల్ల ఒక పాత విద్య ఉంది. టెండర్ తక్కువకు వేస్తరు. పని చేతికి వచ్చినంక వేరియేషన్లల్ల గుంజుతరు. ఒక గోడ రెండడుగులు జరపమంటే చాలు, బయట పది రూపాయల పనికి నలభై వేస్తరు. ఎందుకంటే అప్పటికి క్లయింటు ఇరుక్కున్నడు, సగం బిల్డింగు లేచింది, ఇంకొకనికి ఇయ్యలేడు. ఖరీదు లాప్‌టాప్‌లల్ల స్టోరేజీ లెక్క సరిగ్గ ఇదే. మొదటి రేటు బోర్డు మీద అందంగ కనపడుతది. ఆ రేటుకు వచ్చే డ్రైవు చిన్నది. పెద్దది కావాలంటే వేరియేషన్ రేటు.

లెక్క చూడండి. 2025ల ఆపిల్ ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ అమెరికాల 999 డాలర్లకు మొదలైంది, 256 జీబీతోని. 512 కావాలంటే ఇంకో 200 డాలర్లు. 1 టీబీ కావాలంటే 400. మన దిర్హాం డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉన్నది కాబట్టి 200 అంటే 735 దిర్హాంలు, 400 అంటే 1,469. అదే 2023ల విడిగ దొరికే మంచి 1 టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవు 60 డాలర్ల చుట్టుపక్కల వచ్చింది. ఆ తర్వాత ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు తరలిపోయి రేట్లు బాగ పెరిగినయి, అది ఒప్పుకుంటం. కాని చిప్పులు సస్తగ ఉన్న 2023ల కూడా వాళ్ల 200 డాలర్లు 200 డాలర్లే. తగ్గినప్పుడు మనకు తగ్గియ్యని రేటు, పెరిగిందని మనం ఎందుకు ఒప్పుకోవాలె?

ఇప్పుడు మన లెక్కలకు తెస్తం. బేసిక్ 1,200 ఉన్న తమ్ముడు అనుకోండి. ముప్పై రోజులు, ఎనిమిది గంటలు, గంటకు 5 దిర్హాంలు. ఓటీకి చట్టం ప్రకారం 25 శాతం ఎక్కువ, అంటే 6.25. 735 దిర్హాంలు సంపాదించాలంటే 118 గంటల ఓటీ. రోజుకు రెండు గంటల చొప్పున 59 రోజులు. ఇదంతా వేలెడంత కూడా లేని ఒక చిప్పుకు. ఎండాకాలం పన్నెండున్నర నుంచి మూడు దాక పని బందు పెట్టే రోజులల్ల ఆ రెండు గంటలు ఎట్ల ఉంటయో మీకు చెప్పనక్కర లేదు. "అంతే కదా, 735ఏ కదా" అనేటోళ్లు ఈ 59 రోజులు లెక్కపెట్టి అప్పుడు మాట్లాడాలె.

మరి ఏం చెయ్యాలె? ముందు ఒక్క సంగతి అడగండి. స్టోరేజీ బోర్డుకు అతికించి ఉన్నదా, స్లాటుల పెట్టి ఉన్నదా? మన భాషల చెప్పాలంటే అతికించింది స్లాబుల పోసిన సలాక. కాంక్రీటు పడ్డంక 10 ఎంఎం తీసి 16 పెడతానంటే కుదరదు. స్లాటుల ఉన్నది తలుపుకు కొట్టిన గొళ్లెం, స్క్రూ తీస్తే వస్తది. ర్యామ్ ఇప్పుడు సన్నటి లాప్‌టాప్‌లల్ల ఎక్కువ సలాక లెక్కనే వస్తున్నది. అందుకని ర్యామ్ మొదట్లనే 16 జీబీ తీసుకోండి, అక్కడ పైసలు పెట్టండి, అడగం. స్టోరేజీ స్లాటుల ఉంటె మాత్రం దుకాణంల ఉన్నదాంట్ల చిన్నది తీసుకొని, పెద్దది విడిగ కొని మార్చుకోండి. డెల్, హెచ్‌పీ, లెనోవో వాళ్లే మోడల్ వారీగ సర్వీసు మాన్యువళ్లు బయట పెట్టిన్రు. మూత ఎట్ల తియ్యాలె, డ్రైవు ఎట్ల మార్చాలె, ఏ స్క్రూ ఎక్కడ, బొమ్మలతోని ఉంటది. కొనకముందే ఫోన్‌ల ఆ మాన్యువల్ తెరిచి చూస్తే స్లాటు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతది. సేల్స్‌మన్‌ని అడగనక్కర లేదు, ఆయనకు చాలసార్లు తెల్వదు కూడా.

రెండు భయాలు పెడతరు. మొదటిది, మూత తీస్తే వారంటీ పోతదని. మార్చుకొమ్మని మాన్యువల్ కంపెనీనే ఇచ్చినంక మూత తీసుడు నేరం ఎట్లయితది? తీసేటప్పుడు మనం ఏమన్నా ఇరగ్గొడితే అది మన ఖర్చు, అంతే. అయినా అనుమానం ఉంటె బిల్లు మీద రాయించుకోండి. రెండోది, బయటి డ్రైవు తొందరగ పోతదని. ఇది శుద్ధ అబద్ధం. చానా కంపెనీలు స్లాటుల పెట్టేది సామ్‌సంగ్, మైక్రాన్ లాంటోళ్లు చేసిందే. పేరున్న 1 టీబీ డ్రైవుకు 600 టీబీడబ్ల్యూ అని రాసి ఉంటది. అంటే 600 టీబీ రాసేదాక వారంటీ లెక్కల ఉంటదని. రోజుకు 50 జీబీ రాసినా ముప్పై ఏళ్ల పైన పడుతది. మన పిల్లగాడు రోజుకు 50 జీబీ ఏం రాస్తడు? (1 టీబీ పెడితే విండోస్‌ల 931 జీబీ చూపిస్తది. కొట్లాటకు పోకండి, అది మోసం కాదు. డ్రైవు చేసినోడు వెయ్యితోని లెక్కపెడతడు, విండోస్ 1,024తోని లెక్కపెడతది.)

కొనేటప్పుడు చూసేది ఎక్కువ లేదు. స్లాటు ఎం.2 అయితది, పొడవు 2280నా, 2242నా, 2230నా చూడండి. 2280 అంటే 22 ఎంఎం వెడల్పు, 80 ఎంఎం పొడవు. ఎన్‌వీఎంఈనే తీసుకోండి. సాటా డ్రైవు అదే ఆకారంల వస్తది, సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతది, కొన్ని స్లాటులల్ల అసలు నడవదు. జెన్ 3 అయితే 3,500 దాక, జెన్ 4 అయితే 7,000 దాక పోతది. పిల్లగాడు క్లాసు నోట్సు, కోడింగు చేసుకుంటే ఈ రెండింటికి తేడా చేతికి తెలువది. జెన్ 5 అనేదానికి మన పైసలు అవసరం లేదు, సన్నటి లాప్‌టాప్‌ల వేడి ఒకటి. టీఎల్‌సీ అని ఉంటె మంచిది, క్యూఎల్‌సీ సస్త కాని నింపినకొద్ది రాసే స్పీడు పడిపోతది. మార్చేముందు బిట్‌లాకర్ బందు చెయ్యాలె, లేకపోతే రికవరీ కీ అడుగుతది. విండోస్ మళ్ల కొననక్కర లేదు, ఆ లైసెన్సు మదర్‌బోర్డుతోని ఉంటది. తీసిన పాత డ్రైవును చిన్న యూఎస్‌బీ డబ్బాల పెట్టుకుంటే ఫోటోలు దాచుకునేటందుకు పనికొస్తది.

అతికించిన స్టోరేజీ మీద మాకు కోపం ఎందుకో చెప్తం. మా రూములనే ఒకాయన, స్టీల్ ఫిక్సర్, సన్నటి ఖరీదు లాప్‌టాప్ కొన్నడు. ఏ కంపెనీ అన్నది వదిలెయ్యండి. కరోనా టైంల వాళ్ల బాపు పోయిండు, విమానాలు లేవు, ఆయన పోలేకపోయిండు. ఆఖరి చూపు వీడియో కాల్‌లనే. ఆ రికార్డింగు, దినాల వీడియోలు, అంతకుముందు బాపు ముచ్చట పెట్టిన చిన్న చిన్న వీడియోలు అన్ని ఫోన్ నుంచి లాప్‌టాప్‌ల వేసుకొని ఫోన్‌ల తీసేసిండు. రెండో ఏడు మదర్‌బోర్డు పోయింది. సర్వీసు సెంటర్ల బోర్డు మార్చుతమన్నరు, వారంటీల ఫుకట్‌గనే. మరి వీడియోలు? స్టోరేజీ ఆ బోర్డు మీదనే ఉన్నది, బోర్డుతోని పాటే పోతదన్నరు. స్లాటుల ఉన్న డ్రైవయితే తీసి ఇంకోదాంట్ల పెడితే వచ్చేటివి. ఆయన కౌంటర్ దగ్గర ఏం అనలేదు. మేము ఇద్దరం ఎంబడి ఉన్నం, మేము కూడా ఏం అనలేకపోయినం. ఆయన తప్పు లేదా అంటె ఉన్నది, రెండో కాపీ పెట్టుకోలేదు. కాని ఒక్క స్క్రూతోని అయ్యే పనిని అతికించి అమ్మినోళ్లది ఏం తప్పు లేదా?

సన్నగ ఉండాలంటే అతికించాల్నంటరు. 22 ఎంఎం వెడల్పు చీటీ లాంటి డ్రైవు పట్టని సన్నం ఎవలు అడిగిన్రు? మన పిల్లలు అడగలేదు.

అయినా అతికించిందే కావాలంటరా, వీడియో ఎడిటింగు నేర్చుకుంటున్నడు, బ్యాటరీ దినమంతా ఉండాలె, మ్యాకే కావాలె, సరే. దాంట్ల మంచి లేదని మేము అంటలేం. అట్లయితే మాత్రం 256 తీసుకోకండి. కడుపు మండినా 512 తీసుకోండి, ఎందుకంటే తర్వాత మార్చే దారి లేదు. ఇంకోటి, చిన్నది తీసుకుంటే జాగ తక్కువ అనేకాదు, కొన్నిసార్లు స్పీడు కూడా తక్కువ. 2022ల ఎం2 ఎయిర్ వచ్చినప్పుడు 256 మోడల్‌ల రెండు చిప్పుల బదులు ఒక్కటే పెట్టిన్రు. పాత ఎం1 కన్న డ్రైవు స్పీడు సగానికి దగ్గరగ పడిపోయింది. 2024ల ఎం3కు మళ్ల రెండు పెట్టిన్రు. కొత్తది కొన్నోనికి పాతదానికన్న నెమ్మది డ్రైవు! రేటు మాత్రం పెంచి అమ్మిన్రు.

సివిల్, మెకానికల్ చదివే పిల్లలకు అయితే ఒక్క మాట. స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్, రెవిట్, సాలిడ్‌వర్క్స్ ఇవన్ని విండోస్ మీద నడిచేటివి. మన సైట్ల ఇంజినీర్ల టేబుళ్ల మీద ఏమున్నదో రోజూ చూస్తున్నం కదా. సివిల్ పిల్లగానికి మ్యాక్ కొనియ్యడం అంటే తాపీ మేస్త్రికి వడ్రంగి రంపం ఇచ్చినట్టు.

"పరువు" గురించి కూడా మాట్లాడాలె. మేనల్లుని తప్పని మేము అనం. పద్దెనిమిదేళ్ల పిల్లగానికి హాస్టల్ల పక్కోని లాప్‌టాపే కనపడుతది. తప్పు మనది. మనం పోయినప్పుడల్లా సెంట్లు, చాక్లెట్లు, ఫోన్లు పంచి, ఇక్కడ బెడ్ స్పేసుల ఆరుగురి మధ్య పంటున్నమని ఎన్నడు చెప్పలేదు. ఓటీ స్లిప్పు ఒక్కసారన్నా ఫోటో తీసి పంపినమా? 59 రోజుల లెక్క ఆ పిల్లగానికి చెప్తే వాడే 512 చాలంటడేమో. అడిగిచూసినోళ్లం ఎవ్వరం లేం.

ఇక సస్తకు ఆశపడే మన జబ్బు. రోడ్డు మీద, ఆన్‌లైన్ల 2 టీబీ అని 50, 60 దిర్హాంలకు అమ్మేటివి కొనకండి. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి పైన 2 టీబీ చూపిస్తరు. నిండినంక పాత ఫైళ్ల మీదనే రాస్తది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఫ్రీ సాఫ్టువేర్ ఉన్నది, కొన్న రోజే నడిపించి చూడండి. లాప్‌టాప్ బిల్లు పారెయ్యకండి, వారంటీ ఇండియాల చెల్లుతదా అని దుకాణంల అడగండి. ఎయిర్‌పోర్టుల వ్యాటు వాపసు వస్తదని ఒకాయన చెప్తున్నడు, అది టూరిస్టులకే, రెసిడెన్సీ ఉన్న మనకు రాదు. హైదరాబాద్ కస్టమ్స్‌ల పద్దెనిమిదేళ్లు దాటిన మనిషికి ఒక్క లాప్‌టాప్ డ్యూటీ లేకుంట పోతది, ఒక్కటే. ఊరికి పోయే దోస్తు చేతికి మీది కూడా ఇచ్చి ఆయనను ఇరికియ్యకండి.

ఈ ఆదివారం ఆ తమ్మునితోని బర్ దుబాయ్ పోతున్నం. 16 జీబీ ర్యామ్, ఎం.2 స్లాటు ఉన్న మోడళ్లు రెండు చూసిపెట్టినం. మేనల్లునికి ఇంక చెప్పలేదు. వాడు ఫోన్ చేస్తే మేమే మాట్లాడుతమని మాటిచ్చినం. కొనేటోళ్లు ఇంకెవరన్నా ఉంటె మోడల్ నంబర్ పూర్తిగ రాయండి, కింది స్టిక్కర్ ఫోటో పెట్టినా సరే. సీరియల్ నంబర్ మీద మాత్రం వేలు పెట్టి తియ్యండి.