గ్యారేజీలో విమానం

పోయిన ఏడాది ఆరు నెలలు మా అబ్బాయి దగ్గర ఉండి వచ్చాను. “అమెరికాలో ఏమేం చూశారండీ?” అని మన సంఘంలో కనబడిన వాళ్లందరూ అడుగుతున్నారు. గ్యారేజీ చూశానంటే నవ్వుతున్నారు. నవ్వితే నవ్వారు గాని, నేను చూసింది అదే.

మావాడు ఉండేది ఆరిగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ దగ్గర. కంప్యూటరు ఉద్యోగం. చిన్న విమానం నడిపే లైసెన్సు సంపాదించుకున్నాడు. అంతటితో ఊరుకోక, ఇంట్లోనే విమానం కడతానన్నాడు. అక్కడికి దగ్గర్లోనే అరోరా అనే ఊళ్లో వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ ఉంది. రేకులూ, రివెట్లూ, ఎలా కట్టాలో చెప్పే పుస్తకాలూ పెట్టెల్లో పెట్టి అమ్ముతుంది. వాళ్ల కిట్లతో కట్టుకున్న విమానాలు పదివేలకు పైగా ఎగిరాయి. మావాడి కన్ను ఆర్‌వి-10 మీద పడింది. నాలుగు సీట్లది. తనూ, భార్యా, ఇద్దరు పిల్లలూ. లెక్క సరిగ్గా సరిపోయింది. మా కోడలి గుబులు కూడా అదే.

మన దేశంలోనూ ఇలాంటివారు లేకపోలేదు. ముంబయిలో అమోల్ యాదవ్ గారు తాముండే భవనం మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టి 2016లో ప్రదర్శనకు పెట్టారు. 2017లో దానికి రిజిస్ట్రేషను దొరికింది. ఆయనది కిట్టు కూడా కాదు, సొంత డిజైను.

కిట్టయినా అన్నీ బిగించి పంపేస్తారనుకోకండి. అక్కడి నిబంధనల ప్రకారం పనిలో సగానికి మించి ఔత్సాహికులే చదువు కోసమో, సరదా కోసమో చేసి ఉండాలి. రుజువుకి రోజువారీ పని పుస్తకంలో రాసుకోవాలి, ఫొటోలు తీసిపెట్టుకోవాలి. మొదట తోక కిట్టు కొని, చేతకాదనిపిస్తే అక్కడితో ఆగిపోవచ్చు. ఈ సంగతి మా కోడలికి నేనే చెప్పాను. కొంచెం ఊపిరి పీల్చుకుంది.

నేను వెళ్లేటప్పటికి ఇంకా పెట్టె రాలేదు. గ్యారేజీ ఖాళీ చేయడానికే మూడు వారాలు పట్టింది. బియ్యం బస్తాలు, పిల్లల ఉయ్యాల, ఎందుకు కొన్నారో ఎవరికీ గుర్తులేని వ్యాయామ యంత్రం! కార్లు వీధిన పడ్డాయి. రెక్కల కొస నుంచి కొసకి 31 అడుగుల పైచిలుకు. అంత పొడుగు గ్యారేజీలో పట్టదు. రెక్కలు విడిగా కట్టి, విమానాశ్రయానికి మోసుకెళ్లాక తగిలిస్తారు. బల్లలు మాత్రం నేనే చేశాను. బల్ల వంకరైతే దాని మీద పుట్టే తోకా వంకరే. రివెట్లు సైజువారీగా పోసుకోవడానికి కోడలు పాత పోపులపెట్టె ఇచ్చింది. అప్పటికి ఆవిడ ఒప్పుకున్నట్టు కాదు సుమా.

ఒకరోజు కూరలు తరుగుతూ అడగనే అడిగింది: “మావయ్యగారూ, మీరైతే పిల్లల్ని అందులో ఎక్కిస్తారా?”

నేను జవాబు చెప్పలేదు. బెంగుళూరులో ముప్పై ఏళ్లు విమానాల కర్మాగారంలో రేకు పని చేసినవాణ్ణి. చేరిన కొత్తలో ఒక రివెట్టు పక్కకి ఒరిగింది. షిఫ్టు అయిపోవస్తోంది. పైన ప్రైమరు పూసి ఊరుకున్నాను. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, వేలితో తడిమి, ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయారు. ఆ సున్నా నాకిప్పటికీ కనబడుతుంది. గ్యారేజీలో ఆ పెన్సిలు ఎవరి చేతిలో ఉంటుంది? చివర్లో తనిఖీ ఉంది, నిజమే. కాని రేకు మూసేశాక లోపలి రివెట్టుని ఎవరు చూడగలరు? కొట్టినవాడే చూసుకోవాలి.

మావాడు ప్రాక్టీసు ముక్క మొదలుపెట్టాడు. ఒకరు గన్ను పట్టాలి, అవతల ఒకరు ఇనుప దిమ్మ ఆనించాలి. మేము దాన్ని డాలీ అనేవాళ్లం, అక్కడ బకింగ్ బార్ అంటారు. దెబ్బ తిన్నాక రివెట్టు తల కాడ లావుకి ఒకటిన్నర రెట్లు వెడల్పుండాలి, కాడ లావులో సగం ఎత్తుండాలి. 1/8 అంగుళం రివెట్టయితే తల 3/16 వెడల్పు, 1/16 ఎత్తు. కొలిచి చూసి ఏడింటికి ఎర్ర సున్నాలు చుట్టాను.

“ఇది ప్రాక్టీసే కదా నాన్నా!” అన్నాడు.

“అందుకే ఏడు” అన్నాను. ముఖం మాడ్చుకున్నాడు. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. కొడుకు ఉత్సాహం మీద నీళ్లు చల్లానేమోనని నాకూ బెంగగానే ఉండింది. చెడిన రివెట్టు తీయడం కొట్టడం కంటే కష్టం. డ్రిల్లు కాస్త జారితే రంధ్రం పెద్దదైపోతుంది.

మూడోనాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో గ్యారేజీలోకి వెళ్లాను. బల్ల మీద ముక్క ఉంది. ఏడూ తీసేసి కొత్తవి కొట్టాడు. నేను గుర్తుపెట్టని మరో దానికి తనే సున్నా చుట్టుకుని, అదీ మార్చాడు. నాకది బాగానే కనబడింది, మళ్లీ కొలిస్తే తల వెడల్పు తక్కువే.

ఆ రాత్రే తోక కిట్టుకి ఆర్డరు ఇవ్వమన్నాను. విమానం పూర్తయ్యాక కూడా మొదట కొన్ని పదుల గంటలు పరీక్షగా ఎగరాలట, పిల్లల్ని ఎక్కించుకోకూడదట. అదంతా ఇంకా ఏళ్ల తర్వాతి మాట. కోడలి ప్రశ్నకి నా జవాబు ఇంకా బాకీయే. ఆవిడా మళ్లీ అడగలేదు. నేను తిరిగి వచ్చేశాను గనక అక్కడ డాలీ పట్టేవాళ్లు కావాలి. ఆవిడే నేర్చుకుంటోందని మొన్న ఫోనులో మనవరాలు చెప్పింది. ఎర్ర పెన్సిలు కూడా ఆవిడ దగ్గరే ఉందట.