ఇంటింటా కంప్యూటర్: నమూనాలకు ఒక క్రమం

పుదుచ్చేరిలోని సెయింట్ లూయీ వీథిలో ఉన్న ఫ్రెంచి పరిశోధన సంస్థను 1955లో జాఁ ఫిలియోజా నెలకొల్పారు. దక్షిణ భారత దేవాలయాల ఛాయాచిత్రాలు అక్కడ లక్షకు మించి ఉన్నాయి. స్థలం, ఆలయం, విగ్రహం వివరాలతో నమోదై ఉన్నందువల్ల పరిశోధకులు కావలసిన చిత్రాన్ని వెదికి తీసుకోగలుగుతున్నారు.

మన సంచయం ఎంతో చిన్నది; అయినా చిక్కు అదే. కుటుంబ చిత్రాలతో డిజిటల్ ఆల్బమ్ కూర్చేందుకు టెంప్లేట్లను, అనగా చిత్రాలకు గళ్ళు అమర్చిన పుట నమూనాలను, వందలకొద్దీ సేకరిస్తాము. తీరా షష్టిపూర్తి సమీపించినప్పుడు తగినది దొరకదు.

ఇందుకు మూడు నియమాలు చాలు. ఆల్బమ్ పని చేతనున్న చిత్రాల లెక్కతో మొదలవుతుంది. కావున పుటలో పట్టే చిత్రాల సంఖ్యను బట్టి 01, 02, 03 అని ఫోల్డర్లు ఏర్పరచాలి. ముందు సున్న ఉంటే ఏ యంత్రంలోనైనా 09 తరువాతనే 10 వస్తుంది. ఫైలుకు 'నిలువు-వివాహం-01' వలె ఆకారం, సందర్భం తెలిపే పేరుంచాలి. మూల నమూనాను మార్చక ప్రతిపైనే పని చేసి, సంచయమంతటినీ వేరొక డిస్కులో కూడా భద్రపరచాలి.

నమూనా పోతే మరొకటి లభిస్తుంది. పాత పెండ్లి చిత్రంలో నిలిచిన బంధువుల పేర్లు మాత్రం ఇంటి పెద్దలకే తెలుసు. ఈ ఆదివారం అమ్మమ్మ చెంత కూర్చొని, ఎడమ నుండి కుడికి వరుసగా అడిగి, ఆ పేర్లను పుటలోనే వ్రాయండి.