పంచాయతీ గుమ్మంలో బిల్లుల బేరగాళ్ళు

పల్లెకు కుళాయి వచ్చింది, కరెంటు వచ్చింది, వీధి దీపం వచ్చింది. వాటి వెనకే బిల్లూ వచ్చింది. ఇప్పుడు ఆ బిల్లును లెక్కగట్టి రాసిపెట్టే సాఫ్ట్‌వేరును అమ్ముకోవడమే ఒక పెద్ద వ్యాపారమై కూర్చున్నది. నీటి పన్ను, ఇంటి పన్ను, కరెంటు చార్జీ, చెత్త పన్ను, ఏదైనా సరే, లెక్క మేము చూస్తాం, వసూలు మేము చేయిస్తాం, మీరు సంతకం పెడితే చాలు అంటున్నాయి కంపెనీలు. అయితే యీ కంపెనీలు పంచాయతీ గుమ్మం తొక్కేది నేరుగా కాదు. ముందుగా ఊళ్ళను, ఆఫీసులను ఎరిగిన ఒక "భాగస్వామి"ని వెతుక్కుంటాయి. సరుకు కంపెనీది, పలుకుబడి భాగస్వామిది. కుదిరిన బేరంలో అతనికి వాటా వుంటుంది.

ఈ భాగస్వామి ఎవరు? కంపెనీకి కావలసింది కంప్యూటరు తెలిసిన మనిషి కాదు, ఆఫీసు తెలిసిన మనిషి. ఏ బల్ల మీద ఏ ఫైలు ఆగుతుందో, ఎవరి మాట చెల్లుతుందో, ఏ నెలలో గ్రాంటు దిగుతుందో తెలిసిన మనిషి. ధాన్యం మార్కెట్టులో దళారిని ఎరిగిన రైతుకు యీ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు. దళారి గింజ పండించడు, గింజ తినడు. కానీ గింజ చేతులు మారిన ప్రతిసారీ అతని చేతిలో నాలుగు గింజలు మిగులుతాయి.

ఇదంతా పట్నం వాళ్ళ గొడవ, రైతుకేం సంబంధం అనుకుంటే పొరపాటు. బోరు మోటారుకు మీటరు పెట్టేదీ, కుళాయికి చార్జీ కట్టేదీ, ఇంటికీ కొట్టానికీ పన్ను వేసేదీ రైతు మీదనే. లెక్క ఎవరి చేతిలో వుంటే పెత్తనం వాళ్ళ చేతిలో వుంటుందని మన రైతాంగం తరతరాలుగా చూస్తూనే వుంది. కరణం దస్త్రంలో ఏముందో రైతుకు తెలియని రోజుల్లో ఆయన రాసిందే శిస్తు, ఆయన చెప్పిందే హద్దు. 1984లో ఆ వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు ఊళ్ళు ఊపిరి పీల్చుకున్నాయి. నలభై ఏళ్ళు తిరిగేసరికి దస్త్రం మళ్ళీ ఊరు దాటి పోతున్నది. ఈసారి అది ఎక్కడ వున్నదో కూడా రైతుకు కనపడదు. కరణంతో పోట్లాడాలంటే ఆయన ఇంటి అరుగైనా వుండేది. సర్వరు ముందు ఎక్కడ నిలబడి పోట్లాడాలి?

ఈ మార్కెట్టు తనంతట తాను పుట్టింది కాదు, పాలకులు పుట్టించింది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. తాగునీటితో సహా 29 విషయాలను పంచాయతీలకు అప్పగించవచ్చునని రాసుకున్నాం. పనులైతే అప్పగించారు గానీ, వాటికి చాలినంత డబ్బు, మనుషులు మాత్రం రాలేదు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ పథకం కింద మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు ఇంటికే ఇస్తామన్నారు. పైపు వేయడానికి డబ్బిచ్చారు, ఆ తర్వాత మోటారు నడిపించడం, మరమ్మతు చూసుకోవడం, ఖర్చు రాబట్టుకోవడం మాత్రం ఊరి నెత్తినే పెట్టారు. 2020 మే నెలలో, కరోనా కష్టకాలంలో, రాష్ట్రాల అప్పు పరిమితిని 3 శాతం నుంచి 5 శాతానికి పెంచుతామని కేంద్రం చెప్పి, అందులో కొంత భాగానికి షరతులు తగిలించింది. పట్టణాలలో ఆస్తి పన్నును భూముల విలువకు ముడిపెట్టాలి, నీటికీ మురుగుకూ అయిన ఖర్చు రాబట్టేలా చార్జీలు పెట్టాలి, కరెంటు రంగాన్ని "సంస్కరించాలి" అన్నది. ఆ ఏడాది నవంబరులోనే ఆంధ్రప్రదేశ్ ఆస్తి విలువ ఆధారంగా పన్ను వేసేటట్టు మున్సిపల్ చట్టాలను మార్చుకున్నది. ఖర్చంతా జనం దగ్గర రాబట్టాలనే సూత్రం ముందు వచ్చింది. రాబట్టే యంత్రం అమ్మేవాడు దాని వెనకాలే వచ్చాడు.

కరెంటు మీటర్ల కథ చూడండి. 2021లో కేంద్రం తెచ్చిన పంపిణీ రంగ పథకం కింద 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఈ పద్ధతిలో మీటరు పెట్టేదీ, లెక్క చూసేదీ, సాఫ్ట్‌వేరు నడిపేదీ ప్రయివేటు కంపెనీయే. దానికి నెలనెలా మీటరుకు ఇంత అని ఏళ్ళ తరబడి చెల్లించాలి. పంపుసెట్లకు మీటర్లు పెట్టే పనిని ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం జిల్లాతో మొదలుపెట్టారు. తెలంగాణలో అప్పటి ప్రభుత్వం పంపుసెట్లకు మీటర్లు పెట్టేది లేదని చెప్పి, అదనపు అప్పు అవకాశాన్ని కూడా వదులుకున్నది. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపుకు వ్యతిరేకంగా కదిలిన జనం మీద కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణాలు కోల్పోయిన సంగతి రైతు మరచిపోలేదు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చిందంటే దాని వెనక ఆ నెత్తురు కూడా వుంది. మీటరు వట్టి యంత్రమే, అది ఏం చేస్తుంది అనేవారికి మన జవాబు ఒక్కటే: మీటరు వట్టి యంత్రమే, కానీ బిల్లు వట్టి కాగితం కాదు.

సాఫ్ట్‌వేరు తప్పు చేస్తుందా అని అడిగేవారూ వున్నారు. తెలంగాణ రైతును అడగండి. 2020 అక్టోబరులో ధరణి వచ్చింది. కంప్యూటరులో ఎక్కిందే భూమి, ఎక్కనిది భూమి కాదు అన్నట్టు నడిచింది. పేరు తప్పు పడ్డవాడు, సర్వే నెంబరు ఎక్కనివాడు, విస్తీర్ణం తగ్గినవాడు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు. తహసీల్దారును అడిగితే "నా చేతిలో లేదు, సిస్టం తీసుకోవడం లేదు" అన్నాడు. చివరికి 2024లో దాని నిర్వహణను ప్రయివేటు కంపెనీ నుంచి తప్పించి ప్రభుత్వ రంగంలోని జాతీయ సమాచార కేంద్రానికి అప్పగించారు. 2025లో దాని స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. నాలుగేళ్ళ పాటు రైతు పడ్డ అవస్థకు మాత్రం నష్టపరిహారం లేదు.

ఇది మన దేశపు దౌర్భాగ్యం మాత్రమే కాదు. అమెరికాలో మిసిసిపి రాష్ట్రానికి రాజధాని జాక్సన్ నగరం. నల్లజాతి ప్రజలు అధిక సంఖ్యలో వున్న పేద నగరం. కొత్త నీటి మీటర్లు, కొత్త బిల్లింగు వ్యవస్థ పెడితే రాబడి పెరుగుతుంది, పెట్టిన ఖర్చు తిరిగి వస్తుందని నమ్మి, సీమెన్స్ అనే బహుళజాతి కంపెనీతో 9 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నది. జరిగింది వేరు. మీటరు ఒక కొలతలో, బిల్లు మరో కొలతలో వచ్చిందని నగరం మొత్తుకున్నది. కొందరికి నెలల తరబడి బిల్లే రాలేదు, కొందరికి గుండె ఆగే బిల్లు వచ్చింది. జనం కట్టడం మానేశారు, నగరం ఖజానా ఎండింది. 2019లో నగరం కోర్టుకెక్కింది. స్థానిక ఉప కాంట్రాక్టర్లను పేరుకే పెట్టుకుని డబ్బు దాటించారని కూడా ఆరోపించింది. 2020లో దాదాపు 9 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. డబ్బు తిరిగి వచ్చింది గదా అనవచ్చు. కానీ పోయిన రాబడి, పోయిన నమ్మకం తిరిగి రాలేదు. 2022 ఆగస్టులో అక్కడి ప్రధాన నీటి శుద్ధి కేంద్రం మొరాయించి దాదాపు లక్షన్నర మంది తాగునీటికి అల్లాడారు. ఏళ్ళ తరబడి మరమ్మతులకు డబ్బు లేకపోవడానికి అనేక కారణాలున్నాయి. చెడిపోయిన బిల్లింగు వాటిలో ఒకటి.

బ్రిటన్‌లో ఇంకా ఘోరం జరిగింది. 1999లో తపాలా శాఖ హొరైజన్ అనే సాఫ్ట్‌వేరును తెచ్చింది. అది చూపించిన తప్పుడు లోటుకు చిన్న చిన్న తపాలా ఆఫీసులు నడుపుకునేవారిని దొంగలన్నారు. 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. కంప్యూటరు అబద్ధమాడదు అన్న ఒక్క నమ్మకం మీద ఇదంతా నడిచింది. సాఫ్ట్‌వేరులో లోపాలున్నాయని 2019లో హైకోర్టు తేల్చింది. ఆ శిక్షలను రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసేసరికి 2024 వచ్చింది. అంత చదువుకున్న దేశంలో, ఆఫీసు నడిపేవారికే దిక్కు లేకపోతే, మన ఊళ్ళో కుళాయి బాకీ తప్పుగా పడిన కూలి మనిషి ఎవరికి చెప్పుకోవాలి?

ఇక బేరం సంగతి చూద్దాం. ఉదాహరణకు ఒక పంచాయతీలో 800 కుళాయిలున్నాయనుకుందాం. నెలకు 40 రూపాయల చొప్పున ఏడాదికి 3,84,000 రూపాయలు రావాలి. కంపెనీ వసూలులో 10 శాతం అడిగితే 38,400 పోయింది. బిల్లుకు 5 రూపాయల చొప్పున సేవా రుసుము అంటే మరో 48,000. రెండూ కలిపి 86,400. అంటే జనం కట్టిన ప్రతి వంద రూపాయల్లో ఇరవై రెండున్నర రూపాయలు నీళ్ళకు కాక, నీళ్ళ లెక్కకు పోతాయి. క్లోరినుకు డబ్బు లేదు, మోటారు కాలితే చుట్టించడానికి డబ్బు లేదు, నీళ్ళు వదిలే మనిషికి నాలుగు నెలల జీతం బాకీ. లెక్క రాసే కంపెనీకి మాత్రం ముందుగానే కోత! ఇలాంటి బేరాల్లో మొదటి ఏడు ఉచితం అని కూడా ఆశపెడతారు. ఉచితంగా వచ్చిన ఎద్దు మేత అడిగేటప్పుడు తెలుస్తుంది దాని ఖరీదు. లెక్కలన్నీ కంపెనీ పెట్టెలో చేరాక వదిలించుకోవడం పంచాయతీ తరం కాదు.

అయితే కంప్యూటరే వద్దంటామా? అనము. చేతి రసీదు పుస్తకంలోనూ దొంగతనం జరిగింది. రసీదు ఇవ్వకుండా వసూలు చేసుకున్నవాళ్ళున్నారు, పలుకుబడి గల ఆసామి బాకీని ఏళ్ళ తరబడి చూసీ చూడనట్టు వదిలేసి పేదవాడి కుళాయి కోసినవాళ్ళున్నారు. నిజాయితీ గల లెక్క పేదవాడికే ఎక్కువ అవసరం. ప్రశ్న యంత్రం గురించి కాదు, యజమాని గురించి. కేరళలో 1999లోనే ప్రభుత్వం ఇన్ఫర్మేషన్ కేరళ మిషన్ పెట్టి స్థానిక సంస్థలకు కావలసిన సాఫ్ట్‌వేరును సొంతంగా తయారు చేయించింది. పన్నులకు సంచయ, జమాఖర్చులకు సాంఖ్య, ప్రణాళికకు సులేఖ అని పేర్లు పెట్టుకుని పంచాయతీలలో నడిపారు. 2024 జనవరిలో కె స్మార్ట్ అనే కొత్త వ్యవస్థను పట్టణాలలో మొదలుపెట్టి, 2025లో గ్రామ పంచాయతీలకు విస్తరించారు. దానిలోనూ లోపాలు వుండవచ్చు. కానీ అడగడానికి ఒక ప్రభుత్వం వుంది, దాన్ని నిలదీయడానికి శాసనసభ వుంది. అన్ని ఐ.టి. కంపెనీలకు హైదరాబాదు పుట్టిల్లని చెప్పుకునే మనం, పంచాయతీ కుళాయి లెక్క రాసుకునే పాటి సాఫ్ట్‌వేరును ప్రభుత్వం తరఫున తయారు చేయించుకోలేమా?

అందుచేత ఏ పంచాయతీ అయినా, ఏ మున్సిపాలిటీ అయినా ఇలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టేముందు యీ విషయాలను తేల్చుకోవాలి. మొదటిది, వసూలులో శాతం చొప్పున ఏ కంపెనీకీ చెల్లించకూడదు. శాతం ఇచ్చిననాడు బిల్లు ఎంత పెరిగితే కంపెనీకి అంత లాభం. రెండోది, లెక్కలన్నీ పంచాయతీ ఆస్తిగానే వుండాలి, అడిగిన రోజున అడిగిన రూపంలో తిరిగి ఇవ్వాలని రాతలో వుండాలి. మూడోది, బిల్లు తెలుగులో, చదవగలిగేటట్టు వుండాలి. పాత రీడింగు, కొత్త రీడింగు, రేటు, పాత బాకీ విడివిడిగా కనపడాలి. నాలుగోది, తప్పు దిద్దే అధికారం ఊళ్ళోనే, పంచాయతీ కార్యదర్శి చేతిలోనే వుండాలి. వివాదం తేలేవరకు కుళాయి గానీ కరెంటు గానీ కోయరాదు. ఐదోది, భాగస్వామి ఎవరు, అతని వాటా ఎంత, అధికారులతో అతనికి చుట్టరికం వుందా అన్నది గ్రామసభ ముందు పెట్టాలి, పంచాయతీ బోర్డు మీద రాయాలి. ఆరోది, బిల్లుకింత అని కూలి కట్టించుకుని ఎండలో ఇల్లిల్లూ తిరిగి రీడింగు తీసే కార్మికులను యంత్రం పేరుతో రోడ్డున పడేయకూడదు.

ఇవి అసాధ్యమైన కోరికలు కావు. అరువు కొట్టులో కూడా మన పద్దు చూపించమని అడిగే హక్కు మనకున్నది. మన డబ్బుతో నడిచే పంచాయతీలో ఆ మాత్రం హక్కు లేకపోతే ఎలా? ఈసారి గ్రామసభ జరిగినప్పుడు రైతులు, కూలీలు, మహిళా సంఘాల వారు ఒప్పందం కాగితాన్ని బయటపెట్టమని అడగాలి. బయటపెట్టకపోతే సమాచార హక్కు చట్టం కింద రాసివ్వాలి. సర్పంచి మంచివాడైతే అతనికి బలం వస్తుంది, కాకపోతే భయం వస్తుంది. రెండూ ఊరికి మేలే.